ఐపీ అడ్రస్‌ల జాబితా సరైన వరుసలో రావాలంటే

పైథాన్ ప్రోగ్రామ్‌లో ఐపీ అడ్రస్‌లను (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరాన్ని గుర్తించే నంబర్లు) మామూలు టెక్స్ట్‌లా సార్ట్ చేస్తే 10.0.0.10 ముందు, 10.0.0.9 తర్వాత వస్తాయి. లాగ్ చూసేటప్పుడు ఇది మహా చిరాకు. చుక్కల దగ్గర విడగొట్టి అంకెలుగా మార్చే కోడ్ మనం రాయక్కర్లేదు. పైథాన్ 3.3 నుంచి ఐపీఅడ్రస్ (ipaddress) అనే మాడ్యూల్, అంటే రెడీమేడ్ కోడ్, దాంతోపాటే వస్తోంది, విడిగా ఇన్‌స్టాల్ చేసే పనే లేదు.

దాన్ని ఇంపోర్ట్ చేసి, సార్టెడ్ ఫంక్షన్‌లో కీ దగ్గర ఆ మాడ్యూల్‌లోని ఐపీ_అడ్రస్ పేరు ఇవ్వండి. పేరు మాత్రమే, పక్కన బ్రాకెట్లు పెట్టకూడదు. వరుస సరిగ్గా వచ్చేస్తుంది.

ఒక అడ్రస్ ఫలానా నెట్‌వర్క్‌లో ఉందో లేదో కూడా దీంతోనే తేల్చుకోవచ్చు. నాకైతే ఇదే ఎక్కువ పనికొస్తోంది. 192.168.1.0/24ని (అంటే 192.168.1తో మొదలయ్యే అడ్రస్‌లన్నీ) ఐపీ_నెట్‌వర్క్‌కి ఇచ్చి, అడ్రస్‌ను ఐపీ_అడ్రస్‌తో మార్చి, రెండింటి మధ్య 'ఇన్' పెడితే చాలు. నెట్‌వర్క్‌ను 192.168.1.10/24 అని, అంటే దాని మొదటి అడ్రస్ కాకుండా లోపలి అడ్రస్‌తో రాస్తే మాత్రం వాల్యూఎర్రర్ వస్తుంది; స్ట్రిక్ట్=ఫాల్స్ జోడిస్తే సరిపోతుంది.

ఒక్క జాగ్రత్త: ఐపీవీ4 (పాత రకం), ఐపీవీ6 (కొత్త రకం) అడ్రస్‌లు ఒకే జాబితాలో కలిసి ఉంటే సార్టింగ్ టైప్‌ఎర్రర్‌తో ఆగిపోతుంది. ముందుగా ఐపీ_అడ్రస్‌తో మార్చిన ఒక్కో అడ్రస్‌కి వెర్షన్ 4 అని ఉందో 6 అని ఉందో చూసి రెండు జాబితాలుగా విడదీయండి, తర్వాత దేనికది సార్ట్ చేయండి.