టర్బో కారు పెట్రోల్ ఎక్కువ తాగుతోందా? ఆక్సిజన్ సెన్సార్ మార్చేముందు ఇవి చూడండి

మైలేజ్ ఉన్నట్టుండి పడిపోయింది. ఐడిలింగ్‌లో ఇంజిన్ తడబడుతోంది. కారు వెనక నిలబడితే పచ్చి పెట్రోల్ వాసన. చల్లారిన సైలెన్సర్ గొట్టంలో వేలు పెట్టి చూస్తే పొడి మసి. స్కానర్ పెడితే పి0172 కోడ్, అంటే మిశ్రమం రిచ్‌గా ఉంది, గాలికి తగ్గ లెక్క కన్నా పెట్రోల్ ఎక్కువ పడుతోంది. ఒంగోలులోనైనా నెల్లూరులోనైనా షెడ్డుకు తీసుకెళ్తే తరచూ వినిపించే మాట ఒకటే: "ఆక్సిజన్ సెన్సార్ పోయిందన్నా, మార్చేద్దాం."

తొందరపడొద్దు. పి0172 అంటే సెన్సార్ పాడైందని కాదు. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే ఆ సెన్సారే పెట్రోల్ ఎక్కువైందని పట్టుకుని చెప్తోంది, చాలాసార్లు అది నిజమే చెప్తుంది. వేలకు వేలు పోసి కొత్తది వేసినా అదే కోడ్ మళ్లీ వస్తుంది.

సెన్సార్ నిజం చెప్తోందా, అబద్ధమా?

ఒక స్పార్క్ ప్లగ్ విప్పి చూడండి, స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. సెన్సార్ మాట విని ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) పెట్రోల్‌ను ఎంత శాతం పెంచిందో, ఎంత తగ్గించిందో ట్రిమ్ చూపిస్తుంది. షార్ట్ టర్మ్ (అప్పటికప్పుడు చేసే సవరణ), లాంగ్ టర్మ్ (కొంతకాలంగా నేర్చుకున్న సవరణ) రెండూ కలిపి లెక్కేయాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక అది 10 శాతం లోపు అటూ ఇటూ ఉంటే ఫర్వాలేదు.

ప్లగ్ మీద పొడి మసి ఉండి, ట్రిమ్ మైనస్ 20 దగ్గర ఉందనుకోండి. సెన్సార్ సరిగ్గానే ఉంది. ఈసీయూ తగ్గిస్తూనే ఉన్నా పెట్రోల్ ఇంకెక్కడి నుంచో వస్తోంది. సెన్సార్ జోలికి పోవద్దు.

ప్లగ్ మీద మసి ఉండి ట్రిమ్ ప్లస్‌లో ఉంటే కథ వేరు. పెట్రోల్ చాలట్లేదని సెన్సార్ తప్పు చెప్తోంది, ఈసీయూ నమ్మి ఇంకా పోస్తోంది. అప్పుడు పి0171, అంటే లీన్ కోడ్ కూడా రావచ్చు. కారేమో నల్ల పొగ, కోడేమో పెట్రోల్ చాలట్లేదని. చాలామంది తికమకపడేది ఇక్కడే.

సెన్సార్ తప్పు చెప్తుంటే

అప్పుడు కూడా వెంటనే కొనకండి. సెన్సార్‌కు ముందున్న జాయింట్లు, ముఖ్యంగా టర్బోకీ కిందికి దిగే పైపుకీ మధ్య ప్యాకింగ్ చూడండి. అక్కడ సందు ఉంటే బయటి గాలి లోపలికి పోయి, లేని ఆక్సిజన్ ఉన్నట్టు సెన్సార్‌కు కనిపిస్తుంది. పొద్దున చల్లగా స్టార్ట్ చేసినప్పుడు టిక్ టిక్ చప్పుడు, జాయింట్ చుట్టూ మసి మరక దీని గుర్తులు. ప్యాకింగ్ మారిస్తే సరిపోతుంది.

తర్వాత సెన్సార్ వైర్ల కప్లర్ విప్పండి. కొత్తపట్నం, మైపాడు, కృష్ణపట్నం వైపు ఉప్పుగాలిలో తిరిగే బండ్లలో పిన్నులకు ఆకుపచ్చ తుప్పు పట్టడం మామూలే. సన్నటి పిన్ను మీద ఆ పచ్చపొర ఒక్కటి చాలు, సిగ్నల్ దెబ్బతినడానికి. ఎలుకలు కొరికిన వైర్లు కూడా వెతకండి. పి0135 వస్తే హీటర్ సర్క్యూట్‌లో తేడా. ముందు ఫ్యూజు చూసి, తర్వాత హీటర్ వైర్ల మధ్య మల్టీమీటర్‌తో ఓములు కొలవండి. ఎక్కువ సెన్సార్లలో కొద్ది ఓములే ఉంటుంది. అసలు రీడింగే రాకపోతే హీటర్ తెగిపోయింది.

ఇవన్నీ బాగుంటే ఇక సెన్సార్‌కే పరీక్ష. పాత రకం నారోబ్యాండ్ (రిచ్చా, లీనా అని మాత్రమే చెప్పేది) అయితే 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచినప్పుడు 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య చకచకా ఊగాలి. ఒకే చోట అతుక్కుంటే అనుమానించాలి. కొత్త టర్బో కార్లలో ముందు సెన్సార్ ఎక్కువగా వైడ్‌బ్యాండ్, అంటే ఎంత రిచ్చో ఎంత లీనో కొలిచి చెప్పేది. దానికి ఈ వోల్టుల లెక్క పనికిరాదు, స్కానర్‌లో ల్యాంబ్డా (గాలి, పెట్రోల్ లెక్క సరిపోతే 1 చూపే అంకె) 1 దగ్గర ఉందా అని చూడాలి. నాకు నచ్చిన పరీక్ష హైవే మీద: మూడో గేరులో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే ఈసీయూ పెట్రోల్ ఆపేస్తుంది, సెన్సార్ వెంటనే లీన్ చూపించాలి. నెమ్మదిగా కదిలినా, కదలకపోయినా సెన్సార్ అయిపోయినట్టే. స్కానర్ పక్క సీట్లో ఉన్నవాళ్లు చూడాలి, నడిపేవాళ్లు కాదు.

మార్చేటప్పుడు 22 ఎంఎం గాడి సాకెట్‌తో, ఇంజిన్ కాస్త గోరువెచ్చగా ఉండగా విప్పండి. సెన్సార్ కొన మీద ఏ పేస్టూ తగలకూడదు. వైరు కోసి అతికించే రకం వద్దు, కప్లర్‌తో వచ్చేదే తీసుకోండి. మామూలు సిలికాన్ ప్యాకింగ్ పేస్టు ఆవిరి సెన్సార్‌ను చంపేస్తుంది, దగ్గర్లో వాడనివ్వకండి.

సెన్సార్ నిజమే చెప్తుంటే

చీమకుర్తి గ్రానైట్ దుమ్ములో తిరిగే బండ్లకు ఎయిర్ ఫిల్టర్ మీద నేరం మోపుతుంటారు. అది కార్బరేటర్ కాలం మాట. ఇంజెక్షన్ కారులో మూసుకున్న ఫిల్టర్ పికప్ తగ్గిస్తుంది కానీ మిశ్రమాన్ని పెద్దగా మార్చదు.

ముందు కూలెంట్ టెంపరేచర్ సెన్సార్ చూడండి. రాత్రంతా ఆగిన కారులో పొద్దున్నే కూలెంట్, ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రతలు దాదాపు ఒకటే చూపాలి. వేడెక్కిన ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందని చూపిస్తే ఈసీయూ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. తర్వాత ఐడిలింగ్‌లో పర్జ్ వాల్వ్ (ట్యాంకులోని పెట్రోల్ ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలేది) హోస్ నొక్కి పట్టండి. ట్రిమ్ సున్నా వైపు వస్తే ఆ వాల్వే తెరుచుకుని ఉండిపోయింది.

మాఫ్ సెన్సార్ (లోపలికి వచ్చే గాలిని కొలిచేది) ఉన్న కారులో ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లార్చేది) హోస్ క్లిప్పు వదులైతే, లెక్కలోకి వచ్చిన గాలి మధ్యలోనే బయటికి పోతుంది, పెట్రోల్ మాత్రం పూర్తిగా పడుతుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడే నల్ల పొగ వస్తే ఇదే మొదటి అనుమానం. మ్యాప్ సెన్సార్ (ఇన్‌టేక్‌లో గాలి ఒత్తిడి కొలిచేది) మీదే నడిచే కార్లలో ఇదే లీకుకు పికప్ పడిపోతుంది గానీ రిచ్ కావడం తక్కువ.

ఆయిల్ డిప్‌స్టిక్ వాసన చూడటం మరవొద్దు. పెట్రోల్ వాసన వచ్చినా, ఆయిల్ మట్టం పెరిగినా ఇంజెక్టర్ గానీ హైప్రెషర్ పంపు గానీ కారుతుండొచ్చు. పలచబడిన ఆయిల్‌తో టర్బో బేరింగ్ అరిగిపోతుంది. కారణం సరిచేశాక ఆయిల్ కూడా మార్చాల్సిందే. డైరెక్ట్ ఇంజెక్షన్ హైప్రెషర్ లైన్లు ఇంట్లో విప్పకండి, ప్రమాదం. చెక్ ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతుంటే కారు పక్కకు ఆపేయండి. కాలని పెట్రోల్, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్ని కరిగించేస్తుంది.

ఏది సరిచేసినా కోడ్‌లు, పాత ట్రిమ్ లెక్కలు చెరిపేసి, ఊళ్లో కొంత, బైపాస్ మీద కొంత నడిపి ట్రిమ్ మళ్లీ చూడండి. ఇంకా మైనస్ 20లోనే ఉంటే ఫ్యూయల్ ప్రెషర్, ఇంజెక్టర్లు పరీక్షించే చోటికి తీసుకెళ్లండి.