ఎంఐ-8 కిట్‌ను ఎంఐ-17గా మార్చేటప్పుడు వచ్చే చిక్కులు

1/72 స్కేల్ (అసలు దానిలో 72వ వంతు) ఎంఐ-8టి ప్లాస్టిక్ మోడల్ కిట్ చేతిలో ఉంటే దాన్ని మన వైమానిక దళం ఎంఐ-17గా మార్చాలని అనిపించడం సహజం. వరదల్లో ఆహార పొట్లాలు జారవిడుస్తూ మనవాళ్లకు బాగా తెలిసిన హెలికాప్టర్ అది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఐదు బ్లేడ్ల పెద్ద రోటర్, మూడు బ్లేడ్ల తోక రోటర్, పెద్ద రోటర్ వ్యాసం రెండింటికీ 21.29 మీటర్లే. తేడాలన్నీ ఇంజన్ల దగ్గర, తోక దగ్గర ఉన్నాయి.

సమస్య: తోక రోటర్ ఎడమ వైపుకి మార్చాం, అయినా ఏదో తేడాగా ఉంది

కారణం: ఎంఐ-8టికి తోక రోటర్ కుడి వైపు, ఎంఐ-17కి ఎడమ వైపు. కానీ పెద్ద రోటర్ రెండింటిలోనూ పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. అంటే బాడీ ఎదురు తిరగకుండా తోక రోటర్ రెండింటిలోనూ తోకను ఎడమకే నెట్టాలి. కుడి వైపు ఉన్నప్పుడు రోటర్ తోకను తోస్తుంది, ఎడమ వైపు ఉన్నప్పుడు లాగుతుంది. అందుకే హబ్‌ను (బ్లేడ్లు కలిసే మధ్య భాగాన్ని) ఊడదీసి అవతల అతికిస్తే బ్లేడ్ల అంచులు తిరగబడే అవకాశం ఉంది.

పరిష్కారం: ఎంఐ-17ను ఎడమ నుంచి తీసిన ఫొటో ఒకటి పక్కన పెట్టుకోండి. బ్లేడ్‌లో మందంగా ఉండే అంచు ఎటు ఉందో చూడండి. మీ మోడల్‌లో తేడా వస్తే, బ్లేడ్‌ను హబ్‌కు అతికే మొదలు దగ్గర కోసి, పొడవు వెంట సగం చుట్టు తిప్పి అతికించండి. కుడి వైపు మిగిలిన రంధ్రాన్ని పుట్టీతో నింపొద్దు, ఎండాక కుంగి రంగు కింద గుంట కనిపిస్తుంది. స్టైరీన్ (కిట్ లాంటి ప్లాస్టిక్) కడ్డీ ముక్క దూర్చి అతికించి, ఎమరీ పేపర్‌తో రుద్దండి. ఎడమ వైపు 1 మి.మీ. రంధ్రం వేసి ఇత్తడి తీగ పెడితే రోటర్ ఊగదు.

సమస్య: తోక సరిగ్గానే ఉంది, కానీ చూసేవాళ్లు ఎంఐ-8 అంటున్నారు

నా దృష్టిలో అసలు పని ఇదే. చాలామంది తోకతో ఆపేస్తారు, నాకైతే అది సగం పనే.

కారణం: ఎంఐ-17లో టీవీ2-117 స్థానంలో టీవీ3-117 ఇంజన్లు వచ్చాయి, వాటి కవచాలు పొట్టివి. గాలి లోపలికి పోయే నోళ్లు ఎడమ వైపు ముందు తలుపు మధ్య భాగం వరకే వస్తాయి. ఎంఐ-8లో ఇంకా ముందుకు సాగుతాయి.

పరిష్కారం: బాడీని, ఇంజన్ల పై కప్పును అతికించకుండానే జోడించి, ఆ తలుపు మధ్య గీతను మాస్కింగ్ టేపుతో పైకి తీసుకెళ్లండి. రేజర్ రంపంతో అక్కడ కోయండి. ముందున్న కప్పును 0.5 మి.మీ. స్టైరీన్ షీటుతో మూసి, నోళ్లను వెనక్కి జరపండి. అదే స్కేల్ ఎంఐ-17 కిట్ నుంచి మిగిలిన పై కప్పు దొరికితే అదే తీసుకోండి, ఓ వారం శ్రమ తగ్గుతుంది. ఎగ్జాస్ట్ గొట్టాలకు కాస్త ముందు, రెండు పక్కలా ఓ చిన్న రంధ్రం కూడా ఉంటుంది, మర్చిపోవద్దు.

సమస్య: ఇంజన్ నోళ్లకు పెట్టిన, రెజిన్‌తో పోతపోసిన దుమ్ము ఫిల్టర్లు తాకితే ఊడిపోతున్నాయి

మామూలు కిట్ జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి అతికిస్తుంది, రెజిన్‌ను కరిగించలేదు. పైగా అచ్చు నుంచి వచ్చిన జిడ్డు మిగిలి ఉంటుంది. సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక సూపర్ గ్లూ వాడండి. రెజిన్‌ను రుద్దేటప్పుడు తడిగా రుద్దండి, మాస్క్ పెట్టుకోండి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

సమస్య: మోడల్ వెనక్కి వాలుతోంది

బరువు వెనుక పెరిగింది. బాడీ మూయకముందే ముక్కు లోపల, కాక్‌పిట్ నేల కింద, చేపల గాలానికి కట్టే సీసపు గుండ్లు అతికించండి. టేపుతో జోడించి చక్రాల మీద నిలబెట్టి చూశాకే మూయండి.

సమస్య: ఎంఐ-17వీ-5 చేయబోతే ముక్కు కుదరడం లేదు

కుదరదు. 2012లో మన దళంలో చేరిన ఎంఐ-17వీ-5కి డాల్ఫిన్ మూతిలాంటి ముందు భాగం, వెనుక ర్యాంపు ఉంటాయి. గుండ్రని గాజు ముక్కు, రెండు తలుపుల వెనుక భాగం ఉన్న కిట్‌ను అంత దూరం తీసుకెళ్లడం కంటే వీ-5 కిట్ కొనడమే మేలు. మొదటిసారి చేసేవాళ్లు పాత ఎంఐ-17కే కట్టుబడండి.

సమస్య: వృత్తాకార గుర్తు చుట్టూ వెండి మెరుపు

మ్యాట్ (మెరుపు లేని) రంగు గరుకు మీద డెకాల్ (నీటిలో నానబెట్టి అతికించే గుర్తు) కింద గాలి చిక్కుకుంది. ముందు గ్లాసీ (మెరిసే) కోటు వేసి, డెకాల్‌ను మెత్తబరిచే సెట్టింగ్ ద్రవంతో అతికించాలి. ఇప్పటికే అతికించేసి ఉంటే సూదితో సన్నగా గుచ్చి, అదే ద్రవం మళ్లీ రాయండి. మన గుర్తులో మధ్యన ఆకుపచ్చ, చుట్టూ తెలుపు, బయట కాషాయం ఉండాలి. డెకాల్ షీటు మీద కాషాయం మరీ ఎర్రగా ఉంటే వేరేది వెతకండి.