జర్నీమ్యాన్ ఫుట్‌బాలర్ కెరీర్‌ని ఎలా చదవాలి: వేల్స్ స్ట్రైకర్ రాబర్ట్ ఎర్న్‌షా లెక్కతో

ఒక ప్లేయర్ వికీపీడియా పేజీ ఓపెన్ చేస్తే కుడిపక్క బాక్సులో పదేసి క్లబ్బులు కనిపిస్తాయి, వెంటనే "వీడెక్కడా నిలబడలేదురా" అనేసి పేజీ మూసేస్తాం. జర్నీమ్యాన్ అంటే అదే కదా, ఊరూరా తిరిగి ఆడేవాడు. కానీ ఆ బాక్సుని సరిగ్గా చదవడం వస్తే అక్కడ చాలా కథ ఉంటుంది, అది ఎలా చదవాలో నాకిష్టమైన ప్లేయర్‌తోనే చెప్తాను. రాబర్ట్ ఎర్న్‌షా, స్ట్రైకర్, అంటే గోల్స్ కొట్టడమే పనిగా ముందు వరసలో ఆడేవాడు. 1981లో జాంబియాలోని ముఫులిరాలో పుట్టాడు, చిన్నప్పుడే వేల్స్‌లోని కెర్ఫిలీ వైపు వచ్చేశారు, అక్కడే పెరిగి పక్కనే ఉన్న కార్డిఫ్ సిటీలో మొదలుపెట్టాడు. గోల్ కొడితే పల్టీ కొట్టేవాడు, చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది.

ముందు బాక్సులో అంకెల సంగతి. క్లబ్ పేరు ముందు బాణం గుర్తు ఉంటే అది లోన్, అంటే వేరే క్లబ్బుకి కొన్నాళ్లు అప్పు ఇచ్చారు, మనిషి ఇంకా పాత క్లబ్ వాడే. ఎర్న్‌షాకి రెండున్నాయి, కుర్రాడిగా ఉన్నప్పుడు 2000లో స్కాట్లాండ్‌లోని గ్రీనాక్ మోర్టన్, చివర్లో 2012లో మకాబీ టెల్ అవీవ్. ఈ రెంటినీ కలిపి చూడకండి, మొదటిది కుర్రాడు ఆట నేర్చుకోడానికి పంపింది, రెండోది టీమ్‌లో చోటు లేక వెళ్లింది, గుర్తు ఒకటే అయినా అర్థం వేరు. ఇంకోటి, ఆ బాక్సులో లీగ్ మ్యాచ్‌లే లెక్కేస్తారు, కప్ పోటీల్లో ఆడినవి రావు. 2002-03లో ఎర్న్‌షా కార్డిఫ్‌కి లీగ్‌లో 31 గోల్స్ కొట్టాడు, అన్నీ కలిపితే 35, రెండూ క్లబ్ రికార్డులే. బాక్సు ఒక్కటే చూస్తే నాలుగు గోల్స్ పోయినట్టే.

డివిజన్ పేర్ల దగ్గర మనవాళ్లు చాలామంది పడిపోతారు. ఆ సీజన్లో కార్డిఫ్ ఆడింది "సెకండ్ డివిజన్" అని ఉంటుంది, అది చూసి రెండో స్థాయి అనుకోకండి, అది మూడోది. 1992లో ప్రీమియర్ లీగ్ విడిగా వెళ్లిపోయాక కింద ఉన్నవాటికి ఫస్ట్, సెకండ్, థర్డ్ అని పేర్లు జరిగాయి, 2004లో మళ్లీ చాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ అని మార్చారు. కాబట్టి సంవత్సరం చూడకుండా డివిజన్ పేరు నమ్మొద్దు. అలాగే కార్డిఫ్, స్వాన్సీ, రెక్సమ్, న్యూపోర్ట్ ఉండేది వేల్స్‌లో అయినా ఆడేది ఇంగ్లిష్ లీగుల్లో, వేల్స్‌కి సొంత లీగ్ వేరే ఉంది.

ఇప్పుడు అసలు విషయం, దీనికోసమే ఇదంతా రాస్తున్నా. ప్రతి బదిలీ పక్కన కొన్న మేనేజర్ (అంటే టీమ్‌ని నడిపే కోచ్) ఎవరు, ఆయన ఎప్పుడు పోయాడు అని ఒక కాగితం మీద రాసుకోండి. ఇది బాక్సులో ఉండదు, క్లబ్ పేజీలకి వెళ్లి వెతుక్కోవాలి, కాస్త టైం పడుతుంది కానీ చేయండి.

2004 ఆగస్టులో వెస్ట్ బ్రామ్, కొన్నది గారీ మెగ్సన్, అక్టోబర్‌లో మెగ్సన్ ఔట్. 2006 జనవరిలో నార్విచ్, కొన్నది నైజెల్ వర్తింగ్టన్, అదే ఏడు అక్టోబర్‌లో ఆయన ఔట్. 2007 వేసవిలో డెర్బీ, కొన్నది బిల్లీ డేవీస్, నవంబర్‌లో ఔట్. 2008లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్, కొన్నది కోలిన్ కాల్డర్‌వుడ్, డిసెంబర్‌లో ఔట్. వరసగా నాలుగు క్లబ్బులు, నాలుగు చోట్లా ఇతన్ని కావాలని కొన్నాయన ఏడాది తిరక్కుండానే లేడు! కొత్తగా వచ్చినాయనకి తన ప్లాన్ తనకుంటుంది, పొట్టి స్ట్రైకర్ వద్దు ఎత్తుగా ఉన్నవాడు కావాలంటాడు, అంతే, నిన్నటిదాకా హీరో ఇవాళ బెంచ్. నేను ఈ లిస్ట్ మొదటిసారి రాసుకున్న రోజు నిజంగా బాధేసింది, ఇన్నాళ్లు ఇతన్ని నిలకడ లేనివాడు అనుకున్నా కదా అని. ఇంకో సంగతి చూడండి, ఫారెస్ట్‌లో కాల్డర్‌వుడ్ పోయాక వచ్చింది ఎవరనుకున్నారు, డెర్బీలో ఇతన్ని కొన్న బిల్లీ డేవీసే.

తర్వాత డబ్బు చూడండి. వెస్ట్ బ్రామ్ 30 లక్షల పౌండ్ల పైనే ఇచ్చింది, నార్విచ్ 35 లక్షలు, డెర్బీ 35 లక్షలు, ఫారెస్ట్ 26.5 లక్షలు. ఎవరికీ పనికిరాని వాడికి నాలుగుసార్లు ఇంత ఎవరు పెడతారు చెప్పండి. 2011లో కాంట్రాక్ట్ అయిపోయి ఫ్రీగా కార్డిఫ్ తిరిగెళ్లాడు, 1995లో యూరప్ కోర్టు ఇచ్చిన బోస్మన్ తీర్పు తర్వాత కాంట్రాక్ట్ ముగిస్తే పాత క్లబ్బుకి పైసా కట్టక్కర్లేదు, కాబట్టి "ఫ్రీ" అని కనపడితే విలువ లేనట్టు అనుకోవద్దు.

గోల్స్ తక్కువున్న ఏడాది కనిపిస్తే టీమ్ పట్టిక కూడా తెరవండి. డెర్బీలో ఇతనికి లీగ్‌లో ఒక్కటే గోల్, అదీ ఆర్సెనల్ చేతిలో 6-2తో ఓడిన రోజు. కానీ ఆ సీజన్ మొత్తంలో డెర్బీ గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్, వచ్చింది 11 పాయింట్లు, అలాంటి టీమ్‌లో స్ట్రైకర్‌కి బంతి ఎక్కడ్నుంచి వస్తుంది? దానికి ముందు వెస్ట్ బ్రామ్‌లో చాలాసార్లు బెంచ్ మీద నుంచి వచ్చి కూడా 11 లీగ్ గోల్స్ కొట్టాడు, 2005 మార్చిలో చార్ల్‌టన్ మీద సబ్‌గా దిగి హ్యాట్రిక్ (ఒకే మ్యాచ్‌లో మూడు గోల్స్), ఆ సీజన్లో క్రిస్మస్‌కి అట్టడుగున ఉన్న వెస్ట్ బ్రామ్ కింది డివిజన్‌కి పడిపోకుండా ఆఖరి రోజున బతికి బయటపడింది.

ఆ హ్యాట్రిక్‌తోనే ఒక లెక్క పూర్తయింది. ఇంగ్లిష్ ఫుట్‌బాల్ నాలుగు డివిజన్లలో, ఎఫ్ఏ కప్‌లో, లీగ్ కప్‌లో, దేశం తరఫున, ఇలా ఏడు చోట్లా హ్యాట్రిక్ ఉన్నది ఇతనికే. కింది మూడు డివిజన్లవీ కార్డిఫ్‌తో మెట్టు మెట్టు ఎక్కుతూ కొట్టినవే, దేశానికి కొట్టింది 2004లో స్కాట్లాండ్ మీద, వేల్స్ 4-0తో గెలిచింది. నాలుగు మెట్లూ తొక్కినవాడికే ఇది కుదిరే పని.

చివరిగా, క్లబ్బుల కింద ఉండే దేశం లైన్ వదిలేయకండి. 59 మ్యాచ్‌లు, 16 గోల్స్. 2002 మేలో మొదటి మ్యాచ్‌లోనే జర్మనీ మీద గోల్, వేల్స్ 1-0. క్లబ్బులెన్ని మారినా ఈ చొక్కా మాత్రం పదేళ్లు ఉంది. 1958 తర్వాత వేల్స్ మళ్లీ పెద్ద టోర్నీకి వెళ్లింది 2016 యూరోకి, అప్పటికి ఇతను టొరంటో, షికాగో, వాంకూవర్ తిరిగి ఆట ఆపేశాడు.

పద్ధతి చేతికి రావాలంటే ఇంకో పేరు ఇస్తాను, క్రిస్ గంటర్. కార్డిఫ్, టోటెనమ్, ఫారెస్ట్, రెడింగ్, చార్ల్‌టన్, వింబుల్డన్. వేల్స్ పురుషుల టీమ్‌కి 100 మ్యాచ్‌లు ఆడిన మొదటివాడు. అతని పేజీ తెరిచి, 2021లో ఆ వందో మ్యాచ్ ఆడేటప్పటికి క్లబ్‌కి ఏ డివిజన్లో ఆడుతున్నాడో ముందు అది చూడండి.