వాన లెక్క - 3వ పాఠం: ఐదు రోజుల ముందు ఏం చూడాలి?

పోయిన పాఠంలో మిల్లీమీటర్ల లెక్క చూశాం. 24 గంటల్లో 64.5 మి.మీ. పడితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. ఎకరా మీద 100 మి.మీ. అంటే దాదాపు నాలుగు లక్షల లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనభై. ఈ లెక్క మర్చిపోకండి.

ఇక మూడు నుంచి పది రోజుల ముందు చెప్పే మధ్యకాలిక అంచనా. అప్పటికి అల్పపీడనం ఇంకా బంగాళాఖాతంలోనే ఉంటుంది. సముద్రం మీద కొలతలు తక్కువ కాబట్టి మొదట్లో ఉన్న చిన్న తేడా ఐదో రోజుకు పెద్దదవుతుంది. వాయుగుండం కాస్త ఉత్తరానికి జరిగి నెల్లూరు వైపు దాటితే ఒక వాన, చెన్నై వైపు దాటితే ఇంకో వాన. తూర్పు గాలి శేషాచలం కొండలకు తగిలి పైకి లేస్తే తిరుపతిలో ఇంకా ఎక్కువ పడుతుంది.

అందుకే యూరప్ వాతావరణ కేంద్రం (ECMWF) తన మోడల్‌ను, అంటే వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను, ఒక్కసారి నడిపి వదిలేయదు. మొదటి కొలతలను కొద్దికొద్దిగా మార్చి 51 సార్లు లెక్క వేస్తుంది. అందులో 15 లెక్కలు గురువారం తిరుపతిలో 115 దాటుతుందన్నాయనుకోండి. అంటే దాదాపు 30 శాతం. చాలామంది "ముప్పయ్యే కదా, రాదులే" అంటారు. ఆ మాట వింటే నాకు భయం. గొడుగు తీసుకెళ్ళాలా అని ఆలోచించేవాళ్ళకు అది తక్కువే. చెరువు కట్ట కింద పడుకునేవాళ్ళకు మాత్రం చాలా ఎక్కువ.

2021 నవంబరులో తిరుపతి రోడ్లు కాలవలైన మూడు రోజులకే రాయలచెరువు కట్ట కారింది, కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. అప్పటికప్పుడు ముసలివాళ్ళనూ పశువులనూ కదిలించడం ఎంత కష్టమో చూసినవాళ్ళకే తెలుసు.

కాబట్టి ముందు శాతం చూడకండి, పనికి ఎన్ని రోజులు పడుతుందో చూడండి. చెరువు మొరవలో, అంటే నిండిన నీళ్ళు బయటికి పొర్లే దారిలో, పెరిగిన తుమ్మచెట్లు కొట్టడానికి రెండు రోజులు కావాలంటే, 30 శాతం కనబడ్డ రోజే గొడ్డలి పట్టాలి. రేషన్ కార్డు, పట్టా పుస్తకం కవర్లో చుట్టి అటక మీద పెట్టడానికి పది నిమిషాలు చాలు. దానికి రెడ్ అలర్ట్ దాకా ఆగినా పరవాలేదు.

అభ్యాసం: ఏదైనా ఒక తేదీ పెట్టుకోండి. ఆ తేదీకి ఎంత వాన చెబుతున్నారో వారం ముందు నుంచి రోజూ నోట్‌బుక్‌లో రాయండి. రోజూ ఒకే అంకె వస్తే అదే ఖాయమనుకోవద్దు, 51లో ఎన్ని లెక్కలు ఆ మాట అంటున్నాయో కూడా పక్కన రాయండి. వచ్చే పాఠానికి ఆ పుస్తకం దగ్గర పెట్టుకోండి, స్వర్ణముఖి నది నీటిమట్టం పక్కన పెట్టి చూద్దాం.