గానుగ నూనె ముక్క వాసన రాకుండా: నా అనుభవం

మాది అనంతపురం దగ్గర పల్లె. మా చేలో పండిన చెనిక్కాయలే గానుగాడించుకుంటాం. వానాకాలం వచ్చేసరికి నూనె ముక్క వాసన కొట్టేది, పోపు వేస్తే బుసబుసా పొంగేది. కారణం తేమ, మడ్డి.

ఇప్పుడు కాయ చెవి దగ్గర ఆడిస్తే గలగలమనేదాకా ఎండబెడతాం. ఒలిచాక ముడుచుకున్నవి, బూజు పట్టినవి ఏరేస్తాం. ఈ పనికి మాత్రం బద్ధకించకండి. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, వంట వేడికి అది పోదు. చాలావరకు నూనె తీశాక మిగిలే చెక్కలోనే ఉండిపోతుంది; ఆ చెక్క తిన్న బర్రె పాలలోకీ వస్తుంది.

ఆడించిన నూనెను వారం రోజులు కదపకుండా ఉంచితే అడుగున చిక్కటి మడ్డి దిగుతుంది. పైన తేరుకున్నది మెల్లగా వంచి, తడిలేని స్టీలు క్యాన్ నిండా పోసి చీకటి గదిలో పెడతాం. గాలి ఎంత తక్కువ తగిలితే అంత నిలుస్తుంది. రోజువారీ వాడకానికి చిన్న సీసా వేరే.