జట్ల సగటులు పోల్చాలంటే అనోవా

బెంగళూరులో మారతహళ్లి వైపు అపార్ట్‌మెంట్ క్రికెట్ లీగుల్లో సీజన్ అయ్యాక ఇదే గొడవ: ఎ బ్లాక్ సగటు 78, బి 71, సి 69, మరి ఎ నిజంగా మెరుగేనా? రెండేసి జట్లకు విడివిడిగా టి-టెస్ట్ (రెండు సగటుల తేడా నిజమైనదో, కాకతాళీయమో చూసే పరీక్ష) వేయకండి. మూడు జతలయ్యేసరికి లేని తేడా దొరికే అవకాశం, ఒక్క టెస్టుకు ఉండే 5 శాతానికి రెట్టింపు దాటుతుంది. అనోవా అయితే అన్ని సగటులనూ ఒకే పరీక్షలో పోలుస్తుంది.

ఎక్సెల్‌లో జట్టుకో కాలమ్, పై గడిలో పేరు, కింద మ్యాచ్‌కో స్కోరు. డేటా అనాలిసిస్‌లో ‘అనోవా: సింగిల్ ఫ్యాక్టర్’, లేబుల్స్‌కి టిక్, ఆల్ఫా 0.05 (పైన చెప్పిన 5 శాతమే). (ఆ మెనూ కనబడకపోతే ఆడ్-ఇన్స్‌లో అనాలిసిస్ టూల్‌ప్యాక్ ఆన్ చేయాలి.) మూడు జట్లు, తలా 8 మ్యాచ్‌లైతే ఫలితాల పట్టికలో ఎఫ్ విలువ (జట్ల మధ్య తేడాకూ, జట్టు లోపలి స్కోర్ల హెచ్చుతగ్గులకూ నిష్పత్తి) 3.47 దాటితేనే తేడా ఉన్నట్టు. ఏ జట్టుదో మాత్రం చెప్పదు.

వానకు 6 ఓవర్లకు కుదించిన మ్యాచ్‌లు కలిపితే లెక్క చెడుతుంది. రద్దయినదానికి సున్నా వేయొద్దు, గడి ఖాళీగా వదలండి.