ముసురు పట్టకముందే: క్రోనోగ్రాఫ్ వాచీకి వానాకాలం జాగ్రత్తలు

మామూలు వాచీలోకి నీళ్లు దూరే దారులు మూడు: అద్దం అంచు, వెనక మూత, కీ ఇచ్చే బుడిపె. స్టాప్‌వాచీ కూడా కలిసి ఉండే క్రోనోగ్రాఫ్‌కి ఇంకో రెండు ఎక్కువ, బుడిపెకు పైనా కిందా ఉండే బటన్లు. నొక్కినప్పుడల్లా బటన్ కాడ గొట్టంలో ముందుకూ వెనక్కీ జరుగుతుంది. దాని మెడకున్న సన్నటి రబ్బరు రింగు ఆ రాపిడికి అరుగుతుంది, చెమట ఉప్పుకి గట్టిపడుతుంది. అందుకే క్రోనోగ్రాఫ్‌లో ముందు అనుమానించాల్సింది ఈ బటన్లనే.

నెల్లూరు, ప్రకాశం తీరంలో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 1989లో తుపాను కావలి దగ్గర తీరం దాటింది నవంబరులో. 2023లో మిచౌంగ్ నెల్లూరును తడిపి ముద్ద చేసి బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరులో. కాబట్టి రింగుల పని వినాయక చవితికి మొదలుపెట్టి దసరాకి ముగించుకోవాలి. అంత ముందు నుంచీ ఎందుకంటే, చిన్న తయారీదారుల వాచీల్లో తిరకాసు అక్కడే ఉంది. వీళ్లలో చాలామంది లోపలి యంత్రాన్ని సొంతంగా చెయ్యరు. 1974లో వచ్చిన వాల్జూ 7750, దాని దారిలోనే నడిచే సెల్లిటా 510, కీ ఇచ్చే చైనా సీగల్ 1901, ఎక్కువగా ఇవే పెడతారు. ఫ్రాన్స్‌లోని బాల్టిక్, బ్రిటన్‌లోని స్టూడియో అండర్‌డాగ్ పేరు తెచ్చుకుంది సీగల్ యంత్రం పెట్టిన వాచీలతోనే. యంత్రం అందరిదీ కాబట్టి దానికి విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. కేసు, బటన్లు, రింగులు మాత్రం ఆ తయారీదారు సొంత కొలతలవి. మన బజార్లో దొరికే రింగు పావు మిల్లీమీటరు తేడా వచ్చినా, ఒకటి వదులుగా ఉండి నీరు పోనిస్తుంది, ఇంకోటి బిగుసుకుని బటన్‌ను వెనక్కి రానివ్వదు.

అందుకే రింగులు ఆ తయారీదారు దగ్గర్నుంచే తెప్పించుకోవాలి. రాసేటప్పుడు మోడల్, వెనక మూత మీది సీరియల్ నంబరు ఇచ్చి, బటన్ల రింగులు రెండు జతలు, బుడిపె రింగు, వెనక మూత రింగు అడగండి. వీలైతే స్ప్రింగుతో సహా ఒక బటన్ కూడా. కొలతలు రాసి పంపమనండి, ముందు ముందు పనికొస్తాయి.

రింగులు మార్చే మెకానిక్‌ను ఒక మాట ముందే అడగాలి: బటన్లవి కూడా మారుస్తారా? చాలా కేసుల్లో బటన్‌ను లోపలి వైపు నుంచి చిన్న సీ-క్లిప్ పట్టి ఉంచుతుంది. యంత్రాన్ని బయటికి తీస్తే తప్ప అది చేతికందదు. పది నిమిషాల్లో ఇచ్చేస్తానన్న మనిషి వెనక మూత రింగొక్కటే మారుస్తున్నాడని అర్థం. కొత్త రింగుకి సిలికాన్ గ్రీజు మెరుపు కనిపించేంత పలచగా చాలు. పట్టేసిన బటన్‌కి కుట్టుమిషను నూనె చుక్క వేయడం మనవైపు అలవాటు. దయచేసి వద్దు. ఆ నూనె కాడ వెంట లోపలికి పాకుతుంది, పాత మురికినీ వెంటేసుకుపోతుంది. భూతద్దంలో చూస్తే బటన్ చుట్టూ తెల్లగా, సున్నం పెచ్చులా కనిపించేది చెమట ఉప్పు. బటన్ నొక్కకుండా మెత్తటి కుంచెతో దాన్ని దులిపి, తడి గుడ్డతో తుడవండి.

పని అయ్యాక గాలి ఒత్తిడితో పరీక్షించే మిషను మీద పెట్టించండి. అది లేనిచోట ఇంటి పరీక్ష ఒకటుంది. వాచీని అరగంట చేతికి పెట్టుకుని వెచ్చబడనివ్వండి. అద్దం మీద ఒక్క చుక్క చల్లటి నీరు వేసి, నిమిషం ఆగి తుడవండి. చుక్క ఉన్నచోట లోపలివైపు మంచులా పట్టిందంటే తేమ అప్పటికే లోపల ఉన్నట్టు. ఏమీ కనబడనంత మాత్రాన నీళ్లలో దిగొచ్చని కాదు, ఈ పరీక్ష తేమను పట్టిస్తుందే గానీ రింగు బలాన్ని చెప్పదు.

30 మీటర్లు అని రాసి ఉంటే 30 మీటర్ల లోతుకి దిగొచ్చని కాదు, కదలని నీటిలో 3 అట్మాస్ఫియర్ల ఒత్తిడికి నిలిచిందని. వానలో బండి మీద వెళ్లేటప్పుడు క్రోనోగ్రాఫ్ నడిపినా ఆపినా గొట్టంలో నిలిచిన నీటిని పంపు కొట్టినట్టే. తడిగా ఉండగా బుడిపె కూడా లాగకండి.

ముసురు రోజుల్లో వాచీ బీరువాలో ఉండిపోయి ఆగిపోతుంది. 7750కి రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 మధ్య ముళ్లుంటే తేదీని బుడిపె తిప్పి విడిగా మార్చకూడదు, తేదీ పళ్లు విరుగుతాయి. ముళ్లను ముందుకు తిప్పి 6 దగ్గర పెట్టి, అప్పుడు తేదీ సరిచేయండి. సీగల్‌కి కీ చేత్తోనే ఇవ్వాలి, గట్టిగా అడ్డుపడగానే ఆపాలి. ఫ్లైబ్యాక్ (నడుస్తుండగానే రీసెట్ నొక్కితే సున్నా నుంచి మళ్లీ మొదలయ్యే రకం) కానిదైతే క్రోనోగ్రాఫ్ నడుస్తుండగా రీసెట్ బటన్ జోలికి పోకండి.

దాచడానికి బిగుతు మూత స్టీలు డబ్బా, 20 గ్రాముల సిలికా జెల్ చాలు. నీలం గుళికలు గులాబీ రంగుకి తిరిగితే 110 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ వాడొచ్చు. బియ్యంలో పూడ్చడం ఉత్త మాట, పిండి దుమ్ము బటన్ల సందుల్లో చేరుతుంది. తోలు బెల్టు విడదీసి వేరే ఉంచండి, లేకపోతే దాని బూజు కేసుకీ అంటుతుంది. ఇన్వర్టర్ మీద వాచీ పెట్టకండి. అయస్కాంతం పట్టి, వాచీ వేగాన్ని అదుపులో ఉంచే సన్నటి హెయిర్‌స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుంటే రోజుకి నిమిషాల లెక్కన ముందుకు పరుగెడుతుంది. ఇందుకూరుపేట, విడవలూరు, కొత్తపట్నం రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్లకి నీటికి గాలి కలిపే ఏరేటర్ మోటారు దగ్గర కూడా ఇదే తంటా. చెరువుకి బ్లీచింగ్ చల్లే రోజు వాచీ ఇంట్లోనే ఉండాలి, క్లోరిన్ స్టీలును కూడా గుంటలు పెడుతుంది.

ఇన్ని చేసినా నీరు దూరితే ఎండలో పెట్టొద్దు, హెయిర్ డ్రయ్యర్ వద్దు. బటన్లు నొక్కొద్దు, కీ ఇవ్వొద్దు. వేడికి నీరు ఆవిరై యంత్రమంతా పరుచుకుంటుంది. అదే రోజు వెనక మూత తీయించాలి, సముద్రపు నీరైతే ఆ పూటే. ముందు తుప్పు పట్టేది కీ ఇచ్చే ఉక్కు కాడ, తర్వాత బటన్ తగిలే లివర్లు. మూత తెరిచాక తయారీదారుకే పంపాల్సి వస్తే, కొరియర్ కాగితం మీద 'రిపేరు కోసం, తిరిగి వస్తుంది' అని, పక్కనే సీరియల్ నంబరు రాయించండి. కొన్న బిల్లు, ఫొటోలు దగ్గరుంచుకోండి. తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ వాళ్లు కొత్త సరుకుగా లెక్కగట్టకుండా ఉండాలంటే చూపించాల్సింది అవే.